దీనమ్మ వెయ్యని రెండు ముడులు

దీనమ్మ మంత్రసాని. మొగుడు పోయినాక ఏటి మధ్య మన లంకలో ఏసుప్రభువు గుడి గంట కొట్టే పని కూడా ఆమెకే ఇచ్చారంట. ముందూ వెనకా ఎవరూ లేని మనిషికి ఆ గంటే తోడు అనుకో. ఆ రోజుల్లో లంకలో కేలెండరా, రేడియోనా? నెలకోసారి ఆదివారం పూట పాస్టరు అయ్యగారు పడవెక్కి వచ్చి తారీఖు చెప్పి పోతే, అప్పట్నించి ఈమె పొద్దుగూకంగానే గంట తాడుకి ఒక ముడి వేసేది. ఏడు ముడులైతే ఆదివారం. ఊరంతటికీ ఆ తాడే లెక్క. ఏమైందంటే, ఒక ఏడు క్రిస్మస్ ఇంకో పది రోజులుందనంగా తుఫాను పట్టుకుంది. పడవలు ఆగిపోయినాయి. సరిగ్గా అప్పుడే సువార్తమ్మకి నొప్పులొచ్చినాయి, బిడ్డేమో అడ్డం తిరిగిందంట. దీనమ్మ పోయి కూర్చుంది, కూర్చున్నది ఇంక లేవలా. బయట చూస్తే పగలో రాత్రో తెలీని చీకటి. ఎట్టాగో బిడ్డని సరిచేసి బయటికి తీసి, అది కేరుమన్నాక, తల్లీబిడ్డా తేరుకున్నదాకా ఉండి గుడికొచ్చి, ఒక్క రోజే గదా అయిందని ఒక్క ముడి వేసింది. గడిచింది మూడు రోజులు! ఊళ్ళో ఒక్కడికన్నా తెలీదా అంటారేమో, ఇంటి కప్పులు ఎగిరిపోయి ఎవడి గోల వాడిదమ్మా.

ఆ లెక్కనే పండగ గంట కొట్టింది. తడిసిన బియ్యమే వండుకుని, అందరూ గుళ్ళో చేరి పాటలు పాడతా ఉంటే అయ్యగారి పడవ వచ్చింది. ఇదేందమ్మా, ఇవాళ ఇరవై ఏడు, పండగైపోయి రెండ్రోజులైంది గదా అన్నాడంట. దీనమ్మ చేతిలో తాడు జారిపోయింది. ప్రభువు పుట్టినరోజే తప్పు చెప్పాను అయ్యగారూ, ఇంక ఈ తాడు ముట్టను, ఇంకెవరికన్నా ఇచ్చెయ్యండి అని ఒకటే ఏడుపు. ఆయన గుడి మెట్టు మీద ఆమె పక్కనే కూర్చున్నాడు. "ఓ మాట విను దీనమ్మా. ప్రభువు ఏ తారీఖున పుట్టాడో బైబిలు రాసినోళ్ళెవరూ రాయలా. పాతకాలంలో ఒకళ్ళు ఎండాకాలమన్నారు, ఒకళ్ళు జనవరి ఆరన్నారు. ఈ ఇరవై ఐదు అనేది మూడొందల ఏళ్ళు దాటినాక పెద్దలు ఖాయం చేసుకున్నదే. అసలు రోజు ఏదో నాకూ తెలీదు" అన్నాడు. అయినా నేను తప్పింది తప్పే గదా అంటది ఈమె. అప్పుడు సువార్తమ్మ, పచ్చి బాలింత, గోడ పట్టుకుని లేచొచ్చి, "ఆ రెండ్రోజులు యాడికీ పోలా పిన్నీ. నా మంచం కాడే ఉన్నావు. ఇదిగో, చూసుకో" అని బిడ్డని ఆమె ఒళ్ళో పెట్టింది. అయ్యగారు తాడు తెచ్చి మళ్ళీ ఆమె చేతికే ఇచ్చి, కొట్టమ్మా గంట, పండగ ఇవాళే అన్నాడంట.

ఆ బిడ్డ ఎవరనుకున్నారు? నేనే. నేను ఆ మూడు రోజుల్లో ఏ రోజు పుట్టానో మా అమ్మకీ తెలీదు, దీనమ్మకీ తెలీదు. రేషన్ కార్డులో ఎవరో ఏదో రాసుకున్నారులే. క్రిస్మస్‌కి ప్రభువుకి ఒక వందనం చెప్పుకుని, ఆ నోటితోనే దీనమ్మకీ ఒకటి చెప్పుకుంటా. ఆయనేం అనుకోడు, ఆయన తారీఖూ నా తారీఖు లాంటిదే గదా.