ఒకటో రకం బెల్లం

చోడవరంలో బెల్లం సంఘం మీటింగు నుంచి వచ్చిన భర్త, పొయ్యి దగ్గరున్న భార్య చేతిలో పసుప్పచ్చ బెల్లం ముక్క పెట్టాడు.

“ఏటిది మావా?”

“శాంపిలు. ఇకమీదట ఈ రంగుంటేనే ఒకటో రకం అంటన్నారు.”

“అంటే సరిపోద్దా?”

“సరిపోదే. ముందు శాంపిలు అందరికీ పంచుతారు. అబ్యంతరం ఉన్నోలు సెప్పాల. వచ్చే మీటింగులో అందరూ ఒప్పుకుంటేనే కాయం.”

“మరి మన నల్ల బెల్లం?”

“రెండో రకం.”

“నువ్వేటన్నావు?”

“అందరూ బాగుందన్నారు. నానూ అన్నాను.”

“ఎవలైనా నోట్లో ఏసుకున్నారా?”

“రంగు సూడ్డానికి నోరెందుకే?”

ఆమె ఆ ముక్కని పొయ్యి మీది పాలలో వేసి కలిపింది. చూస్తుండగానే పాలు విరిగిపోయాయి.

“మన బెల్లంతో ఏనాడైనా ఇలాగయ్యిందా మావా?”

“లేదే. రంగు కోసం మందు బాగా కలిపేసినట్టున్నారు.”

“అబ్యంతరం ఆడోలు సెప్పొచ్చా?”

“ఎవలైనా సెప్పొచ్చు. కారణం సూపించాల.”

“అయితే మిగతా శాంపిలు కూడా అట్టుకురా. వచ్చే మీటింగుకి అందరికీ పాయసం నానే వొండి పంపుతాను.”