రైలుగేటు పుస్తకానికి రాసిన కార్డు

"అమ్మమ్మా, బహ్రెయిన్‌ల నువ్వు లైబ్రరీ కార్డులు రాసినవట గదా, అమ్మ చెప్పింది. మా కోర్సుల గిదే నేర్పుతున్నరు. ఈ 'విషయం' అన్న గడిల ఏం రాయాల్నో నాకు సమజైతలేదు. నీకేమన్న యాదికున్నదా?"

ఏదీ, ఇటు తిప్పు ఆ కంప్యూటరు. ఆగు, అద్దాలు పెట్టుకోని. పుస్తకం పేరు, రాసినోళ్ల పేరు, అచ్చేసినోళ్లు... ఆఁ, గివే. గివే గళ్లు బిడ్డా. అప్పుడు కంప్యూటరు యాడిది, అరచేతిల పట్టే అట్టముక్కలు ఉండె, కార్డులు. నీకు సమజైతలేదు అంటున్నవు గని, నాకు సమజైందని ఎవలన్నరే? మీ అమ్మనా? ఆమెకేం ఎరుక, ఆమె అప్పుడు జహీరాబాదుల మా అవ్వ కాడుండి రెండో తరగతి సదువుతుండె. మూడా? ఆఁ, మూడే. రెండుల ఉన్నప్పుడు అమ్మోరు పోసింది, అది వేరే ముచ్చట.

మీ తాత అక్కడ అవాలి అనే ఊరి దిక్కు బస్సు నడుపుతుండె, పనోళ్లను దించుడు, తెచ్చుడు. నన్ను తీస్కపోయిండు. ఊళ్లె అందరు దుబాయి పోయింది, దుబాయి పోయింది అనుడే. దుబాయి కాదు బహ్రెయిన్ అంటే, ఆఁ అదే దుబాయి అనేటోళ్లు. ఉమ్మ్ అల్ హస్సామ్‌ల మా రూము, కింద టైలరు దుకానం. మీ తాత చీకట్ల పోతే చీకట్ల వచ్చుడు. పగలంత నేను, ఆ మిషన్ల సప్పుడు. సందు మలుపుల రొట్టెల భట్టి ఉండె, వంద ఫిల్సుకు చేతినిండ ఖుబూసు వస్తుండె, ఇప్పుడెంతనో మరి. రొట్టెలాయనకు పైసలిచ్చి 'ఖలాస్' అంటే ఆయన 'ఖలాస్' అంటుండె. చూస్కో, దినమంతల నేను మాట్లాడే మాట అదొక్కటే. నవ్వకు. కొన్ని దినాలు నా గొంతు నాకే కొత్తగ వినపడుతుండె.

ఏం చెప్తున్న? ఆఁ, కార్డులు.

శుక్రారం శుక్రారం చర్చిల మన తెలుగోళ్ల ప్రార్థన కూడిక ఉంటుండె. ఆ చర్చి కాంపౌండ్‌ల అన్ని భాషలోళ్లు, తలా ఒక టైము. అందరికి కలిపి ఒక లైబ్రరీ రూము. మలయాళపోళ్లవి రెండు బీరువాలు, అరవోళ్లది ఒకటి, ఇంగ్లీషువి ఇంకెన్నో. మనకు ఒక్క అర, అదీ ఖాళీ. సల్మానియా దిక్కు ఉండే కాకినాడ నర్సమ్మ ఒకామె ఇంటికి పోతూ రెండు డబ్బాల తెలుగు పుస్తకాలు ఇడిసిపెట్టి పోయింది. ఇగ అర నిండుతదని మనోళ్లు సంబురపడ్డరు. లైబ్రరీ చూసే అన్నమ్మ టీచరు, కేరళామె, పెద్దామె, ఏమన్నదంటే, ప్రతి పుస్తకానికి కార్డు ఉండాలె, కార్డు లేంది అరల పెట్టనియ్య, ఈస్టరు లోపల కాకుంటే ఆ అర వేరేటోళ్లు అడుగుతున్నరు, వాళ్లకిస్త అన్నది. ఆమెకు తెలుగు రాదు. మనోళ్లందరికి డ్యూటీలు, ఓవర్‌టైములు. పాస్టరయ్య అటు చూసి ఇటు చూసి, 'శాంతమ్మ ఖాళీగనే ఉంటది గదా' అన్నడు.

ఖాళీగనే! ఆ మాటకు కోపం రావాలె గని, నాకు ఎంత సంతోషమైందో నీకెట్ల చెప్పాలె.

మీ తాతకేమో భయం. మంచోడే, కని కాయితాలంటే భయం. 'నువ్వు పని చేస్తున్నవని ఎవలన్న అంటే కఫీల్, వీసా ఇచ్చిన సేటు, నన్ను అడుగుతడు' అన్నడు. అది దేవుని పనయ్యా, జీతం లేదు అంటే, ఇగ మెల్లగ ఒప్పుకున్నడు. 'ఈస్టరు దాంక మంగళవారం మంగళవారం పో. అర మనకుంటే పోతుండు. లేకుంటే ఇగ బందు' అన్నడు. అంటే చూడు, అర ఉంటేనే నాకు మంగళవారం ఉంటది. అర పోతే మల్ల ఆ రూము, ఆ మిషన్లు. పక్క రూముల హైదరాబాద్ భాయ్ దుకానానికి పోతూ 'చలో బహెన్' అని నన్ను పికప్పుల దించుతుండె. పాపం మంచోడు, ఏం పేరుండె... రానియ్యి.

ఇగ టీచరమ్మ నేర్పుడు మొదలుపెట్టింది. ఆమె హిందీ మలయాళం లెక్క ఉంటది, నా హిందీ మన జహీరాబాద్ హిందీ. ఆమె ఒకటి చెప్తది, నేను ఇంకోటి అనుకుంట, మల్ల ఇద్దరం ఒకల మొకం ఒకలం చూస్తుంటిమి. ముందుగాల రాసినోళ్ల పేరు, ఇంగ్లీషు అక్షరాలల్ల. 'పేరు తిప్పి రాయాలె, ఇంటిపేరు ముందుకు రావాలె, ఎన్క కామా పెట్టాలె' అన్నది. మనకు ఇంటిపేరు ముందలనే ఉంటది గదనే? ఉంటది. కని పెద్దామె తిప్పుమన్నది గదా అని నేను తిప్పిన. అందరి ఇంటిపేర్లు ఎన్కకు పోయినయి. అవన్ని మల్ల కొట్టేసి రాయవలసి వచ్చె. తర్వాత స్కేలు చేతికిచ్చి పుస్తకం పొడుగు కొలువుమన్నది. పెండ్లిచూపులా ఏంది, పొడుగు చూసుటానికి? ఎందుకు టీచరమ్మా అంటే, 'రూల్' అన్నది. ఇగ కొల్చిన. పేజీలు లెక్కవెట్టుమన్నది, ముందల పేజీలకు వేరే అంకెలు, ఎన్క వేరే అంకెలు, అవి కలపాల్నా వద్దా... ఇప్పటికీ నాకు తెల్వది. నీకు తెల్సా? తెల్వదు గదా, ఊకో మరి.

అయిపాయె అనుకునే టైముకు ఈ గడి. 'విషయం'. గిదేంది అని అడిగిన. టీచరమ్మ నిమ్మళంగ చెప్పింది, 'శాంతా, ఈ పుస్తకం కోసమని ఒక మనిషి వస్తడు. ఆ మనిషి ఏం వెతుక్కుంట వస్తడో, అది రాయి' అన్నది. చానా మంచిగ చెప్పింది. అన్నిట్ల నాకు సమజైంది ఇదొక్కటే అనుకున్న. మనకు తెల్వదా, మనిషి ఏం వెతుక్కుంట వస్తడో?

కూసోని రాసిన. పుస్తకాలన్ని చదివి చదివి రాసిన, ఇంటికి తెచ్చుకొని గూడ రాసిన. టైలరు మిషన్ల సప్పుడే వినపడలె ఆ దినాలల్ల. కోళ్ల పెంపకం పుస్తకం ఉండె. దానికి ఏం రాసిన? 'వీసా అయిపోయి ఊరికి వాపస్ పోయి ఏం చెయ్యాల్నా అని పరేషానయ్యేటోళ్లకు.' వంటల పుస్తకానికి, 'క్యాంపుల ఉండి ఉత్త పప్పు తిని తిని ఏసారినోళ్లకు.' ఒక వైద్యం పుస్తకానికి, 'డాక్టరుకు చెప్ప సిగ్గయ్యేటోళ్లకు.' ఒక నవలకు, 'ఏడుద్దామంటే ఏడుపు రానోళ్లకు.' ఎందుకు నవ్వుతున్నవే? తప్పా? నాకు తప్పనిపియ్యలె.

ఇంకొకటి సన్నటి పుస్తకం ఉండె. పేరు... పేరు పోయిందే, నా నోట్లెనే ఉంటది. రైలుగేటు కాడ ఇల్లు, మొగడు గేటు ఏసుడు తీసుడు చేస్తడు, రాత్రి డ్యూటీలు చేసి పగలు పంటడు. ఆమెకు దినమంత మాట్లాడ ఎవలూ ఉండరు. పోయే రైళ్లకు ముచ్చట చెప్తది. 'ఇయ్యాల మా మేక ఈనింది' అని అరుస్తది రైలు దిక్కు చూసి. ఎవలికి వినపడది. ఆఖర్ల ఒక ముసలామె కిటికిల నుంచి చెయ్యి ఊపుతది. అంతే కథ. అది చదివి నేను రోటీలు కాల్చుడు మర్సిపోయి కూసున్న. దాని కార్డు మీద 'దినమంత మాట్లాడ మనిషి లేనోళ్లకు' అని రాసిన.

ఈస్టరు దగ్గరికొచ్చె. టీచరమ్మ కార్డులు చూసుటానికి కూసున్నది. పేర్లు సరే అన్నది, పొడుగులు సరే అన్నది. ఆ ఆఖరి వరుస తెలుగుల ఉన్నది గదా, ఏం రాసినవో చెప్పు అన్నది. చెప్పిన. కోళ్లది చెప్పిన, వంటలది చెప్పిన. ఆమె పెన్ను కింద పెట్టింది. 'ఎవలు చెప్పిన్రు నీకు ఇట్ల రాయుమని?' నువ్వే టీచరమ్మా, మనిషి ఏం వెతుక్కుంట వస్తడో రాయుమన్నవు అన్న. ఆమె కార్డులన్ని పక్కకు జరిపింది. తర్వాత, 'ఇవన్ని తప్పు శాంతా. ఒక్కటి గూడ పనికిరాదు' అన్నది. కోళ్లకు కోళ్లు అని రాయాలెనట, వంటకు వంట అని రాయాలెనట, గంతేనట. అర పాయె, మంగళవారం పాయె అనుకున్న. ఏడుపొచ్చింది, కని పెద్దామె ముందల ఎట్ల ఏడుస్త?

పోనీ ఈ ఆఖరిది గూడ చెప్పు అన్నది, రైలుగేటుది తీసి. 'జిస్‌కో దిన్ భర్ బాత్ కర్నేకో కోయీ నై, ఉన్‌కే వాస్తే' అన్న, తల దించుకోని.

తలెత్తి చూస్తే టీచరమ్మ అద్దాలు తీసి చీర కొంగుతోని తుడుస్తున్నది. తుడుస్తనే ఉన్నది. అప్పుడు అడిగింది బిడ్డా, 'ఇది మలయాళంల దొరుకుతదా?' అని.

నేను ఆమె గురించి ఎన్నడు ఆలోచనే చెయ్యలె సూడు. ఇన్ని బీరువాలు, ఇంత ఇంగ్లీషు, ఈమెకేం తక్కువనుకున్న. ఆమె పెనిమిటి చచ్చిపోయిండట, కొడుకు కాడ ఉంటదట. కొడుకు కోడలు డ్యూటీలకు పోతే ఆమె గూడ నా లెక్కనే, నాలుగు గోడలు. అందుకే ఆ లైబ్రరీ పట్టుకోని కూసున్నది. రూలు రూలు అనేది గూడ... ఏమో, అందుకేనేమో. నాకేం తెల్సు.

మలయాళంల ఉన్నదో లేదో తెల్వది టీచరమ్మా అన్న. 'అయితే కథ చెప్పు' అన్నది. ఆ వచ్చీరాని హిందీల చెప్పిన. మేక ఈనిన కాడ ఇద్దరం నవ్వినం. చాయ్ చల్లారిపోయింది. తర్వాత ఆమె కొత్త కార్డులు తీసి, 'నేను చెప్పింది సిరాతోని రాయి. నీది కింద పెన్సిలుతోని రాస్కో. పెన్సిలును ఎవలూ లెక్కవెట్టరు' అన్నది.

అట్ల అర మనకే ఉండె. అబద్ధమెందుకు, పుస్తకాలు దొరికింది మాత్రం ఆమె సిరా రాతతోనే. 'కోళ్లు' అంటే కోళ్లు దొరికేది. నా పెన్సిలు చూసి మనోళ్లు నవ్వేటోళ్లు, కని చదివేటోళ్లు. నేను అక్కడున్నన్ని దినాలు మంగళవారం పోయిన. ఒక పుస్తకం తీసుకోని టీచరమ్మకు చెప్పుడు, ఆమె తప్పులు పట్టుడు. మీ తాత గూడ ఇగ బందని అనలె.

నీ గడిల ఏం రాస్తవు మరి? మీ సార్లు చెప్పిందే రాయి, లేకుంటే మార్కులు వెయ్యరు. కని రాసే ముందల ఆ పుస్తకం కోసం వచ్చే మనిషిని ఒక్కపారి మనసుల అనుకో. ఆ రైలుగేటు పుస్తకం కార్డు నేను ఎవల కోసమని రాసిన్నో, నా కోసమనే అనుకున్న అప్పుడు. టీచరమ్మ కోసమైంది. ఆ కార్డు ఎవలదో ఇప్పటికీ నాకు సమజైతలేదు. దాని పేరు గూడ... ఆగు, 'గ'తోని ఉంటది... కాదు...

సరే తీయ్. దేవుడు నిన్ను సల్లగ చూడాలె బిడ్డా. దినమంత మాట్లాడ మనిషి లేని బతుకు నీకు రావద్దు. వచ్చినా, ఎవలన్న కిటికిల నుంచి చెయ్యి ఊపాలె.