బంగాళాదుంపల మడిలో గుడ్లు

హలో… ఆ, నేనే. ప్రీబెనే. పొద్దున ఫోన్ చేసి, మీరు ఎత్తగానే పెట్టేసింది కూడా నేనే.

…

లేదు, లైను తెగలేదు. నేనే పెట్టేశాను. మీరు తిరిగి చేస్తారనుకోలేదు.

…

హార్ట్‌ముట్ ప్రీబె. హావెల్ నది ఒడ్డున పాత లాకుల ఇల్లు. లాకులు ఇప్పుడు వాటంతటవే తెరుచుకుంటున్నాయి, ఇల్లు మాత్రం నాకు వదిలేశారు… ఆ, లాకులవాణ్ణే. ఇరవై ఎనిమిదేళ్లు చేశాను.

మీరు లెంకె గారు. పేరు రాసుకున్నాను. వన్యప్రాణుల ఆఫీసు, తాబేళ్ల పని చూస్తారు. మా ఊళ్లోకి వచ్చే బ్రెడ్డు బండి అద్దానికి మీ కాగితం అంటించి ఉంది, నల్లటి డిప్ప మీద పసుపు చుక్కలున్న తాబేలు కనపడితే ఫోన్ చెయ్యమని. నంబరు జూన్‌లో రాసుకున్నాను.

…అవును, ఇది సెప్టెంబరు.

…

విషయం ఏంటంటే… నాకు తెలిసిన ఒకాయన ఉన్నాడు. ఆయన దగ్గర అలాంటిదొకటి ఉంది. పర్మిట్టు లేదు. ఆయన తరఫున అడుగుతున్నాను—

…ఎన్నాళ్లుగానా? ముప్పై ఏడేళ్లు.

…

కుంటలోనే ఉంటుంది. పన్నెండు మీటర్ల పొడవు, నడుము లోతు. తవ్వడానికి రెండు వేసవులు పట్టింది నాకు.

…

…ఆ. నాకే. సరే, నవ్వండి. ఆ తెలిసినాయన నేనే.

…

కావాలని పట్టలేదండీ. బెర్లిన్ గోడ పడటానికి ముందు ఏడాది, మలుగు చేపల కోసం వేసిన బుట్టలో పడింది. సగం చచ్చి ఉంది. డిప్ప అంచు పగిలింది. మానాక నదిలో వదిలేద్దామనుకున్నాను. వచ్చే వారం, వచ్చే వారం అనుకుంటూ…

…

తెలుసు. తెలియదని చెప్పను. లాకుల గదిలో నా కుర్చీ వెనకే రక్షిత జంతువుల పటం వేలాడేది. పై వరసలో మూడోది ఇదే. ముట్టుకోవద్దని కింద పెద్దక్షరాల్లో ఉండేది.

…ఎందుకు ఉంచుకున్నానా? ఇంట్లో నేనొక్కణ్ణే. అప్పుడూ అంతే. పొద్దున కాఫీ తీసుకుని కుంట దగ్గరికి వెళ్లి, నిన్న ఎన్ని పడవలు పోయాయో చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఆ లెక్క నా దగ్గర లేదు. వాతావరణం చెప్తున్నాను.

…ఓటో. వాడి పేరు ఓటో.

…వాడంటే… అక్కడికే వస్తున్నాను. వరసగా చెప్తేనే చెప్పగలను.

ప్రతి ఏడూ బంగాళాదుంపలు తవ్వేటప్పుడు మడిలో గుడ్లు దొరికేవి. తెల్లగా, పావురం గుడ్డంత. ఎనిమిదో తొమ్మిదో. అవతలి గట్టున ఎవాల్ట్‌కి పావురాలుండేవి. నక్క ఎత్తుకొచ్చి నా మడిలో పాతిపెడుతోందనుకున్నాను. నక్కలు గుడ్లు దాచుకుంటాయి కదా… ఎవాల్ట్‌కి చెప్పాను కూడా, ‘నా మడిలో నక్కకి భోజనం పెడుతున్నావేంటయ్యా’ అని. పాపం, గూటికి ఇంకో చుట్టు తీగ కట్టాడు. మరుసటేడు మళ్లీ గుడ్లు. ‘నక్క నీ తీగకి దణ్ణం పెట్టి లోపలికెళ్తోంది’ అన్నాను. ‘ముందు నీ కళ్లద్దాలు మార్పించుకో’ అన్నాడు. ఏళ్ల తరబడి ఇదే గోల మాకు.

…లేడు. పోయి మూడేళ్లయింది. పావురాల్ని కూతురు అమ్మేసింది. గూడు ఖాళీ.

గుడ్లు మాత్రం ఆగలేదు.

…ఆ. అదే.

మొదటేడు పట్టించుకోలేదు. రెండో ఏడు పావురాలు ఇంకెవరు పెంచుతున్నారా అని ఊరంతా తిరిగాను. ఊరంటే పదకొండిళ్లు. ఈ జూన్‌లో మడి దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను, నక్క కోసం. మూడో సాయంత్రం ఓటో నీళ్లలోంచి ఎక్కి వచ్చాడు. నా కాళ్ల పక్కనుంచే. మట్టి తడిపి, వెనక కాళ్లతో తవ్వడం మొదలుపెట్టాడు. గంటన్నర పట్టింది. తొమ్మిది గుడ్లు. ఆనక మట్టి కప్పి, పొట్టతో అదిమి… కుంటలోకి వెళ్లిపోయింది.

…

కళ్లు పసుపే. పొట్టా? … మగదానికి గుంట ఉంటుందా? తిరగేసి చూడలేదండీ ఎప్పుడూ. తిరగేస్తే దానికి నచ్చదు.

…లేదు, ఈసారి తవ్వలేదు. ఆ మడిలో దుంపలు కూడా తియ్యలేదు. మొక్కలు ఎండిపోయి అలాగే ఉన్నాయి. పిల్లలేం రాలేదు.

…మగది లేకపోతే రావు. తెలుసు. అయినా చూశాను.

…పాతవా? కోళ్లకి వేసేవాణ్ణి.

…

మొట్టమొదటివా? …ఆ, తెచ్చిన మరుసటి వేసవే. పదకొండు ఉన్నాయి, బాగా గుర్తు. ఎందుకు?

…

అంటే నదిలో మగదాంతో ఒకసారి కలిస్తే… రెండేళ్ల దాకా పిల్లలొచ్చే గుడ్లేనా?

…

మరి ఆ పదకొండూ…

…

…లేదు, ఉన్నాను. వింటున్నాను. మీరు చెప్పడమే మంచిదయింది.

…

ఇటువైపు ఇంకా ఎన్ని ఉన్నాయి, ఆడవి? …వేళ్ల మీద లెక్కపెట్టొచ్చా. ఆ సంగతి కాగితం మీద రాయలేదు మీరు.

…ఇంకా పెట్టగలదా, ఈ వయసులో? … మంచిదే. నాకు అరవై ఆరు. నాకెవరూ అంత భరోసా ఇవ్వలేదు.

…

ఒకటి అడుగుతాను. ఇప్పుడు పర్మిట్టుకి పెట్టుకుంటే ఇస్తారా? …పెంపకంలో పుట్టి, కాగితాలున్న వాటికే. నదిలోంచి తెచ్చినదానికి ఇవ్వరు. అనుకున్నాను.

…జరిమానా సంగతి మీ చేతిలో లేదు. సరే. రానివ్వండి.

…

ఏమిటీ? … ఏప్రిల్‌లోనా?

…

అవును, ఇంకో పది రోజుల్లో బురదలోకి దిగిపోతుంది. చలి మొదలైంది… ఈ శీతాకాలం ఇక్కడే పడుకోనిచ్చి, లేచాక తీసుకెళ్తారు. అప్పటిదాకా నా దగ్గరే.

…

…వద్దు.

…

మంచి మాటే చెప్పారు, కాదనను. అడక్కుండానే ఇస్తున్నారు. కానీ ఏప్రిల్‌లో మీరు ఫోన్ చేస్తే నేను ఎత్తను, లెంకె గారూ. నా సంగతి నాకు తెలుసు. ఎత్తినా వచ్చే వారం రమ్మంటాను. ముప్పై ఏడేళ్లు అదే అన్నాను. ఇప్పుడే తీసుకెళ్లండి.

…

రేపు పదింటికి. సరే. రేపు బ్రెడ్డు బండి రోజు కాదు, ఎవరూ చూడరు.

…నేనే పట్టి ఉంచాలా? … మూతున్న తొట్టి… అడుగున తడి గోనె. నీళ్లు పొయ్యొద్దు. రాసుకుంటున్నాను.

…వస్తుంది. రేకు డబ్బా మీద చెంచాతో కొడితే ఎక్కడున్నా వస్తుంది, చేపముక్క పెడతానని.

…

కాదండీ, డబ్బా కొట్టను. ఇన్నేళ్లూ తిండికే కొట్టాను… వల ఉంది. నీళ్లలోకి దిగి పట్టుకుంటాను… చల్లగానే ఉంటాయి. ఉండనివ్వండి.

…

అక్కడ, మీ పెంపకం కేంద్రంలో, ఏం పెడతారు? …నత్తలు. మంచిదే. చేప పెడితే తోకవైపు ముక్క పెట్టమనండి. తలవైపుది తినదు.

…ఫారంలో పేరా? ఓటో… … నంబరేనా. సరే, నంబరే రాయండి.

…

అప్పుడప్పుడూ వచ్చి చూడొచ్చా? దూరం నుంచే… … ఓ. ఎవరినీ రానివ్వరు.

…మనుషులకి అలవాటు పడకూడదు. అవును. పడకూడదు.

…

గేటు తీసే ఉంటుంది. కాఫీ పెడతాను. కప్పులు రెండే ఉన్నాయి, మీతో ఇంకెవరైనా వస్తే వాళ్ల కప్పు తెచ్చుకోమనండి.

…ఇప్పుడా? కుంట మధ్య మొద్దు మీద ఉంది. కాస్త ఎండొచ్చింది కదా. కిటికీలోంచి కనపడుతోంది… మెడ చాపింది.

…

లేదు, ఇంకేం లేదు. పొద్దున నేను పెట్టేశాను. ఈసారి మీరే పెట్టండి.

…ఆ. రేపు.

…

…

హలో?