పెట్టె మీద రాసిన స్పీడు

టేబుల్ కింద తమ్ముడు, పక్కన టార్చి పట్టుకుని టీచరు అక్క. తమ్ముడు విడిభాగాలు కొని స్వయంగా బిగించిన ఆమె కంప్యూటర్ ఈ వారంలో ఐదోసారి ఆగిపోయింది.

"ఒరేయ్, రేపు మార్కుల లిస్టు ఇవ్వకపోతే మా హెడ్మాస్టరు నన్ను నమిలేస్తాడు."

"మెమరీ టెస్టులో మళ్ళీ తప్పులు చూపించే ఎర్రగీతలే అక్కా. రెండు మెమరీ స్టిక్కులూ తీసి, రబ్బరుతో తుడిచి పెట్టాను. అయినా లొంగట్లేదు."

"షాపులో రెడీమేడ్‌ది కొనుక్కున్నా బాగుండేది."

"షాపువాళ్ళకేం తెలుసు, అంటగట్టడం తప్ప!"

"సరే, స్టిక్కుల పెట్టె మీద 3200 అనుంది. తెర మీద 3800 ఏంటి?"

"అది స్పీడు. నేనే పెంచాను. పెట్టె మీద రాసేది మామూలు జనానికి."

"నేను మామూలు జనాన్నేరా. తగ్గించు."

"తగ్గించాలా? ఆ నంబరు ఫొటో తీసి మా కంప్యూటర్ల గ్రూపులో పెడితే రెండొందల మంది మెచ్చుకున్నారక్కా!"

"నా లిస్టు ఎగిరిపోయినప్పుడు వాళ్ళలో ఒక్కడైనా ఏడ్చాడా? తగ్గిస్తావా, మీ బావని పిలవనా?"

తగ్గించాడు. మళ్ళీ టెస్టు పెట్టారు. గంట గడిచినా ఒక్క ఎర్రగీత రాలేదు.

"హమ్మయ్య! ఇంతకీ ఫోన్లో ఏం రాస్తున్నావురా?"

"గ్రూపుకి అక్కా. కంపెనీవాళ్ళు చేసిన తప్పుని నేనెలా కనిపెట్టానో."