మైనస్ పదహారు గంటలు

హిందీ మాట్లాడే ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్లోని బస్తీ, బర్మామైన్స్‌లో సురేష్ టీకొట్టు బెంచీ మీద ధర్మరాజు కూర్చున్నాడంటే ఆ సాయంత్రం కోతలకు కరువుండదు. క్రేన్ ఆపరేటరుగా రిటైరైన మనిషి. క్రేను దిగినా బరువులెత్తడం మానలేదనీ, ఇప్పుడు నోటితో ఎత్తుతున్నాడనీ పాత స్నేహితుడు గౌరీశంకర్ ఆటపట్టిస్తుంటాడు.

ఆవేళ మనవరాలు బిందుప్రియ ప్రోగ్రామింగు పాఠాన్ని ఎత్తుకున్నాడు ధర్మరాజు. డ్యూటీ ఎక్కిన టైమూ దిగిన టైమూ ఇస్తే ఎన్ని గంటలు పనిచేశారో చెప్పే చిన్న ప్రోగ్రాం రాయాలట. టెస్టు పెడితే ఏ షిఫ్టూ బీ షిఫ్టూ పచ్చగా పాసయ్యాయి. రాత్రి పదింటికెక్కి పొద్దున్న ఆరింటికి దిగే సీ షిఫ్టు దగ్గర మాత్రం ఎర్రగా, మైనస్ పదహారు గంటలని వచ్చింది.

"ఇరవైతొమ్మిదేళ్లు సీ షిఫ్టు సేసినోణ్ణి, నా కాడే మైనస్సా అని ఒక్క బటన్ నొక్కినాను. ఆ తర్వాత ఏటయిందో తెలుసా?"

"కరెంటు పోయిందేటి?" అన్నాడు సురేష్.

పోయిందట, పక్క బస్తీ దాకా. ప్రోగ్రాంలోని తప్పు హడలిపోయి వైరులో దూరి పారిపోబోతే ధర్మరాజు తోక పట్టుకు లాగాడట, అది బెంగుళూరు దాకా సాగిందట, అక్కడి ఇంజినీర్లు వీడియోలో దండం పెట్టి, దేశంలో కంప్యూటర్లన్నిటినీ రేపట్నుంచి మీ ముందు లైన్లో నిలబెడతాం, హాజరు మీరే తీసుకోండి సార్ అని బతిమాలారట.

నిజానికి అతను బటన్ ముట్టలేదు. ఆ ఎరుపుతో మూడు రోజులుగా కుస్తీ పడుతున్న బిందు, ఈవేళ కూడా కాకపోతే కోర్సు మానేస్తానంది. పక్కన కూర్చున్న ధర్మరాజు ఏం చెయ్యాలో తెలీక, సీ షిఫ్టుకి భార్య నూకమ్మ కట్టిచ్చే క్యారేజీ గురించీ, ఇవాళ వెళ్లినవాడు రేపు కదా ఇంటికొచ్చేదన్న సంగతీ వాగుతూనే ఉన్నాడు. "తాతా, థోడా చుప్ రహో," అని, కాసేపు ఊరుకోమని కసిరి పిల్ల మొహం తిప్పుకుంది. దాని కళ్లలో నీళ్లు చూడలేక ఇటు వచ్చేశాడు. మానేస్తుందేమోనని మనసు పీకుతోంది, నోరు మాత్రం ఆగడం లేదు.

అంతలో బిందుప్రియే ఫోను పట్టుకుని వచ్చింది. బెంగుళూరు వాళ్లు మళ్లీ పిలిచారా అమ్మా అని గౌరీశంకర్ అడిగాడు.

"సబ్ ఝూట్ హై, అన్నీ కోతలే. తాత కీబోర్డు ముట్టుకోనేలేదు."

బెంచీ అంతా గొల్లుమంది. ధర్మరాజు టీ గ్లాసులోకి చూస్తూ, "పాసయిందేటమ్మా?" అని మెల్లిగా అడిగాడు.

ఆమె ఫోను గౌరీశంకర్ చేతికిచ్చింది. మూడూ పచ్చగా ఉన్నాయి. ఎక్కిన టైము కన్నా దిగే టైము తక్కువైతే ఇరవైనాలుగు కలపమని కొత్తగా రాసిన లైను పక్కన, ఇంగ్లీషు అక్షరాల్లో ఏదో తెలుగు ఉంది. గౌరీశంకర్ కూడబలుక్కుని చదివాడు.

"సీ షిఫ్టుకి ఇవాళ ఎల్లినోడు రేపు కదా ఇంటికొచ్చేది. మా తాత చెప్పాడు."

ధర్మరాజు టీ గ్లాసు బెంచీ మీద పెట్టాడు. కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నాడు.

"ఇంకోపాలి సదువు, గౌరీ," అన్నాడు.