పదకొండో లైను

కాజీపల్లి మందుల ఫ్యాక్టరీ షిఫ్ట్ ఇన్‌చార్జి పోచయ్య, ఆ ఫ్యాక్టరీకి సాఫ్ట్‌వేర్ చేసిచ్చిన పటాన్‌చెరు ఆఫీసులో, నిషిత బల్ల ముందు నిలబడి ఉన్నాడు.

“కూసోమంటవేంది? కూసోనీకి రాలే. నిన్న కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కినంక స్క్రీన్ మీద గిది వచ్చింది. ఫోన్ల ఫోటో సూడు. సదువు.”

“తెలుసు పోచయ్యగారూ. నేనే రాసిన.”

“నువ్వేనా! అయితే నీ నోటితోనే సదువు, వింట.”

“ఇన్‌స్టలేషన్ విజయవంతం. మా సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకున్నందుకు ధన్యవాదాలు. ఈ వెర్షన్‌లో...”

“ధన్యవాదాలంట! గ్యాస్ సైరన్ బంద్ అయిందని ఏడ రాసినవ్?”

“కింద. పదకొండో లైన్ల. ‘అలారం సెట్టింగులు డిఫాల్ట్ స్థితికి పునరుద్ధరించబడినవి’ అని.”

“అంటే?”

“అంటే... సైరన్ మళ్ల మీరే ఆన్ చెయ్యాలని.”

“గా మాట గట్లనే రాస్తే నీ సొమ్మేం పోయింది? సైరన్ మోగదు, ఆన్ చేసేదాక పని మొదలువెట్టకుండ్రి! గంతే కదా! గ్యాస్ లీకైంది, సైరన్ మోగలే, మా షిఫ్టుల పనిచేసే రాకేష్ పడిపోయిండు. దవాఖాన్ల ఆక్సిజన్ మీదున్నోనికి మా ఫ్యాక్టరోళ్లు సస్పెన్షన్ కాయిదం పంపిండ్రు. మెసేజ్ సదవకుండ ఓకే నొక్కిండంట!”

“మా సార్ గూడ గదే అంటున్నడు. మెసేజ్ ఇచ్చినం, సదువుకునేది వాళ్లు అని.”

“నీ సార్‌ను ఇడిసిపెట్టు. నువ్వేమంటవ్? గా కంప్యూటర్ దిక్కు సూస్తవేంది, నా దిక్కు సూడు.”

“తప్పు నాదే. మొదటి లైన్లనే రాయాల్సింది. గా మాటే కాయిదం మీద రాసిస్త, సంతకం పెట్టి.”

“నౌకరీ పోతది బిడ్డా.”

“పోతే పోనీ. కాని ఓకే ఎవరు నొక్కిండ్రో గూడ రాయాలె. రికార్డుల రాకేష్ లాగిన్ ఉన్నది, నిన్న పొద్దుగాల పదింటికి.”

“పదింటికి వాడు క్యాంటీన్ల ఉండె.”

“మరి ఆయన లాగిన్ ఎట్లొచ్చింది?”

“ఒక్కడు తెరిస్తే షిఫ్టంత గదే వాడుకుంటం. స్క్రీన్ ఫోటో తీసి గ్రూపుల పెడ్తం, ఓకే నొక్కుతం. సదివేటోడెవడు?”

“గట్ల రాస్తే కుదరది. మనిషి పేరు అడుగుతరు. నొక్కిందెవరు?”

“నీకు సూపిచ్చిన ఫోటో తీసిందెవడు? నేనే నొక్కిన. నా పేరు రాయి.”