మామగారి పింఛను పాలసీ

(2006. కడియం. పెళ్ళయి నెల తిరగని సూర్యకళ, ఉదయభాస్కర్. సూర్యకళ చేతిలో, పుట్టింటి నుంచి తెచ్చిన కాగితాలు: ఆమె తండ్రి కొత్తగా తీసుకున్న పింఛను పాలసీ.)

“ఇది విన్నారా? మా నాన్న యాభైవేలు కట్టారు. ఫండులోకి వెళ్ళింది నలభై. మిగతా పదివేలూ మొదటి ఏడాది ఛార్జీలంట.”

“అన్ని కంపెనీలూ తీసుకుంటాయి కళా. నీ పెసరట్టు చల్లారిపోతోంది.”

“చల్లారనివ్వండి. మీ నర్సరీలో లారీకి వంద మొక్కలెక్కిస్తే, దారిలో చచ్చేవాటికని ఇంకో ఐదు ఊరికే వేస్తారు. మొన్న చూసి ఎంత ముచ్చటేసిందో నాకు. వీళ్ళేమో లారీ కదలకముందే ఇరవై పీకేసుకున్నారు.”

“రెండో ఏడు అంత ఉండదు.”

“తెలుసు, బీకాం ఊరికే చదవలేదు. నెలనెలా అరవై రూపాయలు వేరే. అదికాక ఫండు నడిపినందుకు ఏడాదికి నూటికి ఒకటిన్నర. పెరిగినా అంతే, తరిగినా అంతే. మా నాన్న రైసుమిల్లులో గుమాస్తా అండి, ఆయనకి ప్రభుత్వం పింఛనివ్వదు. ఏడేళ్ళు పోయాక ఈ డబ్బుతోనే బతకాలి.”

“అవుననుకో.”

“ఆయనకిది అంటగట్టిన ఏజెంటు ఎవడో గానీ, టై కట్టుకున్న జేబుదొంగ.”

“టై... కట్టుకోలేదేమో.”

“నవ్వొస్తోందా మీకు?”

“లేదు లేదు.”

“పదిహేను రోజుల్లోపు వద్దని తిరిగిచ్చేస్తే డబ్బు వెనక్కిస్తారంట. ఈ రోజుకి పద్నాలుగు. రాజమండ్రి ఆఫీసుకి పదండి. ఆ ఏజెంటుని నిలబెట్టి నాలుగు అడిగితే గానీ...”

“ఆఫీసులో ఉండడు.”

“మీకెలా తెలుసు?”

“చివరి పేజీ చూశావా?”

“ఏముంది అందులో, ఏజెంటు పేరు... ఇది మీ సంతకం.”

“పెళ్ళికి ముందు ఏజెంటు పరీక్ష రాశాను. నర్సరీ జీతం ఇద్దరికి చాలదేమోనని.”

“మా నాన్నకా అండి? ఇంకెవరూ దొరకలేదా?”

“దొరకలేదు.”

“ఇందాకటి నుంచీ నాచేత లెక్కలు చెప్పించుకుంటూ పెసరట్టు తింటున్నారు. ఛీ. ఈ ఛార్జీల్లో ఒక్కటైనా ఆయనకి చెప్పారా?”

“అన్నీ చెప్పాను. పదివేలు పోతాయి, వద్దు మామయ్యగారూ అని కూడా చెప్పాను. ‘ఇంత నష్టమని ముందే చెప్పే ఏజెంటు దగ్గర ఇంకెవడు కొంటాడు బాబూ, పెన్నిలా ఇవ్వు’ అన్నారు.”